కొలతల మాస్టారింటి ముళ్ళజెల్ల

వీధిలో ఆయనకి ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ, సరిగ్గా పెట్టాడు. కొలతల మాస్టారు. మెడలో టేపు లేకుండా ఆయన్ని చూసినవాడు లేడు. స్నానానికి వెళ్ళేటప్పుడు తీసి తలుపు మీద వేస్తాడనీ, వచ్చేటప్పుడు తువ్వాలు కంటే ముందు దాన్నే వేసుకుంటాడనీ ఆయన భార్యే చెప్పి నవ్వుతుంది. నిజానికి ఆ టేపుతో ఆయన గుడ్డలు కొలిచింది సగమే. మిగతా సగం మనుషుల్నే కొలిచాడు. కొలిచిన ప్రతివాడూ ఎక్కడో ఒకచోట తక్కువే పడ్డాడు.

బ్యాంకు మేనేజరు వస్తే, "మీకంటే మీ పొట్ట ముందొచ్చిందండీ, దానికి వేరే కుర్చీ వెయ్యాలా?" అనేవాడు. స్కూలు హెడ్మాస్టరుకి ఒక భుజం పైకి, ఒక భుజం కిందికి. "ఈయన పిల్లలకి తక్కెడ పాఠం ఎలా చెబుతాడో!" అని ఆయన ఎదుటే అన్నాడు. ముక్కు మీద కోపం, నాలిక మీద ముల్లు. అయినా జనం వచ్చేవారు. ఆయన కత్తెర పడిన కోటు ఒంటిమీద కూర్చున్నట్టు ఇంకెవరి కోటూ కూర్చోదు. ఆ మాట ఒప్పుకోవాలి. మీరు ఒప్పుకోకపోయినా నష్టంలేదు, ఆయనే రోజుకి పదిసార్లు చెప్పుకునేవాడు.

అలాంటి మనిషి బతుకులోకి మెయిన్ రోడ్డు మూలన ఒక రెడీమేడ్ బట్టల షాపు వచ్చిపడింది. అద్దాల తలుపులు, లోపల చల్లగాలి, తలకాయల్లేని బొమ్మలకి తొడిగిన చొక్కాలు. "తలకాయ లేనివాళ్ళ కోసం తలకాయ లేని బొమ్మలు పెట్టాడు, తెలివైనవాడే!" అని మాస్టారు వెక్కిరించాడు. వెక్కిరిస్తూ ఉండగానే తలకాయలున్న వాళ్ళంతా ఆ అద్దాల తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయారు. మాస్టారు అద్దె దుకాణం ఖాళీ చేసి, మిషనూ కటింగు బల్లా ఇంటి ముందుగదిలోకి మార్చుకున్నాడు. గది నిండా బల్ల. బల్ల మీద కళ్ళు జిగేలుమనే ట్యూబులైటు. ఇంట్లో ఎవరైనా అటు నుంచి ఇటు రావాలంటే పక్కకి తిరిగి పొట్ట బిగపట్టి రావాల్సిందే.

ఇక కూతురు చేసిన ఘనకార్యం వినండి. ఒక్కగానొక్క కూతురు. వచ్చి, నేను ఫలానా అబ్బాయిని చేసుకుంటానంది. ఫలానా అంటే ఎవరు? ఆ అద్దాల షాపులో సేల్స్‌మన్.

"వాడా? సైజు ఎమ్మా, ఎల్లా అని అడుగుతాడే, వాడేనా? నాలుగక్షరాలతో ఊరందరి ఒళ్ళూ కొలిచేస్తున్నాడు! నా ఇంటికి అల్లుడు దొరక్క వాడు దొరికాడా?"

"మంచివాడు నాన్నా."

"మంచివాడైతే మంచి ఉద్యోగం చూసుకోమను."

పెళ్ళి ఆగలేదు. మాస్టారు వెళ్ళాడు, కుర్చీలో కూర్చున్నాడు, వచ్చినవాళ్ళకి తలాడించాడు. కానీ ఒక్క పని మాత్రం చెయ్యలేదు. పెళ్ళికొడుకు కోటు కుట్టలేదు. ఆ కోటు సంగతి చెప్పకుండా ఈ కథ ముందుకు నడవదు. కూతురు తప్పటడుగులు వేస్తున్న రోజుల్లోనే ఆయన ఒక సూటు గుడ్డ కొని పెట్టాడు. ముదురు నీలం ఉన్ని. చేత్తో నిమిరితే పిల్లి వీపు నిమిరినట్టుండేది. బీరువాలో కలరా ఉండల మధ్య దాచి, అప్పుడప్పుడూ తీసి గాలికి ఆరవేసి, మళ్ళీ అవే మడతల మీద పెట్టేవాడు. "ఎవరికి నాన్నా ఇది?" అని పిల్ల అడిగితే, "నిన్నెత్తుకుపోయే దొంగవెధవకి" అని నవ్వేవాడు. ఇంట్లో దాని పేరే అల్లుడి గుడ్డ.

తీరా దొంగవెధవ వచ్చేసరికి ఈయన బీరువాకి తాళం వేశాడు. పెళ్ళికొడుకు తన షాపులోంచే ఒక కోటు తెచ్చుకుని వేసుకున్నాడు. చేతులు వేళ్ళదాకా దిగిపోయాయి, భుజాలు గాలి నింపిన దిండ్లలా లేచాయి. కటింగు మాస్టారి అల్లుడికి అరువు కోటులాంటి కోటు! వచ్చినవాళ్ళు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. కూతురు ఏడవలేదు. తండ్రి చేతులకేసి ఒకసారి చూసింది, అంతే. ఆ చూపు మాస్టారికి అర్థమైంది. అర్థమైందని ఒప్పుకుంటే ఆయన మాస్టారు ఎందుకవుతాడు?

అప్పట్నుంచి అల్లుడితో నేరుగా మాట లేదు. ఏం చెప్పాలన్నా కూతురి వైపు తిరిగి చెప్పడమే. అల్లుడు లేనప్పుడు "రెడీమేడు" అనేవాడు. ఉన్నప్పుడు "మీ ఆయన" అనేవాడు.

ఇప్పుడు చేప. కూతురు వాళ్ళు అద్దెకుంటున్న ఇంట్లో నేలంతా తవ్వి కొత్త రాళ్ళు వేస్తానన్నాడు ఇంటాయన. అంతవరకూ అల్లుడి అక్కగారింట్లో, ఒంటిగదిలో సర్దుకోవాలి. అక్కడ చేపల తొట్టికి చోటు లేదు. ఒకరోజు పొద్దున్నే కూతురూ అల్లుడూ బండిలోంచి అద్దాల తొట్టి ఒకటి దింపారు. వెనకాలే నీళ్ళ బకెట్లో ఒక చిన్న మట్టి కుండ. తొట్టిని కటింగు బల్ల పక్కన పెట్టి, నీళ్ళు పోసి, కుండని అలాగే మెల్లగా లోపలికి దింపారు.

"చేప ఏదే?" అన్నాడు మాస్టారు.

"కుండలో ఉంది నాన్నా. ముళ్ళజెల్ల. ఆయన స్కూల్లో చదివేటప్పుడు వాళ్ళ నాన్నగారు కొనిచ్చారు. మామయ్యగారు పోయారు. ఇది ఉంది."

అల్లుడు గుమ్మం దగ్గరే నిలబడి, మర్యాదగా చెప్పాడు. "మామయ్యగారూ, పగలు బయటికి రాదండి. లైటు ఆర్పాక వస్తుంది. పట్టుకోవాల్సొస్తే వల వాడకండి. దాని ముళ్ళు రంపం పళ్ళలా ఉంటాయి, భయపడితే బిగబెట్టేస్తుంది. దేనికైనా చిక్కుకుంటే లాగొద్దు. చిక్కుకున్నదాన్నే కత్తిరించెయ్యండి."

మాస్టారు కూతురి వైపు తిరిగాడు. "ఏమ్మా, మీ ఆయన నాకు కత్తిరించడం నేర్పుతున్నాడా?"

అల్లుడు బండి దగ్గరికి వెళ్ళాక కూతురు గొంతు తగ్గించింది. "నాన్నా, దీన్ని పెట్టుకోవడానికి ఆయన స్నేహితులు బోలెడుమంది ఉన్నారు. నేనే పట్టుబట్టి ఇక్కడికి తెచ్చాను. కోటు సంగతి నేనెప్పుడైనా అడిగానా? అడగను. దీన్ని మాత్రం బతికించి ఇవ్వు. ఇది కూడా నీ చేతుల్లో పోయిందంటే ఇంక ఈ గుమ్మం తొక్కను. ఒట్టు."

ఆ పిల్ల మాట అంటే మాటే. తండ్రి పోలిక. అందుకని మాస్టారు రోజూ చెంచాడు మేత తొట్టిలో వెయ్యడానికి ఒప్పుకున్నాడు.

వేశాడు. రోజూ వేశాడు. మేత మాయమయ్యేది, చేప మాత్రం కనబడేది కాదు. కుండ నోరు తెరుచుకుని అలాగే ఉండేది. మాస్టారు ట్యూబులైటు కింద కళ్ళు చికిలించి చూసేవాడు, అద్దం మీద వేలితో కొట్టేవాడు, "ఒసే, బయటికి రావే" అని గదమాయించేవాడు. ఉలుకూ పలుకూ లేదు. లైటు ఆర్పాక వస్తుందని చెప్పారా? చెప్పారు. ఆర్పి కూర్చుని చూడొచ్చా? చూడొచ్చు. కానీ రెడీమేడు చెప్పిన మాట విని చీకట్లో కూర్చోవడమా? ప్రాణం పోయినా సరే! పని అయ్యేదాకా లైటు వెలిగేది, పని అవ్వగానే ఆయన గుర్రు వినబడేది.

"నేను చూశానండీ," అంది భార్య. "మంచినీళ్ళకని లేస్తే తిరుగుతోంది. నల్లగా ఉంది, పక్కన తెల్లగీత. బ్యాండు వాళ్ళ ప్యాంటుకి పట్టీ వేస్తారే, అలాగ. కిర్రుకిర్రుమంటుంది కూడా."

"చేప కిర్రుమనడమేమిటే? అది మన తలుపు. నువ్వు ముందు కళ్ళజోడు మార్చు."

"మరి మేత ఎవరు తింటున్నారండీ?"

"నీళ్ళల్లో కరుగుతుంది. పంచదార కరగట్లేదూ?"

చూశారా తర్కం! తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. టేపు పెట్టి కొలవనిది ఆయన లెక్కలో లేనట్టే. లోపల చేప లేనే లేదని తేల్చేశాడు. ఎప్పుడో చచ్చి ఊరుకుందో, అసలు మొదట్నుంచీ లేదో. మామగారి చేత ఖాళీ నీళ్ళకి మేత వేయించి, ఆ అద్దాల షాపులో తలకాయలేని బొమ్మల మధ్య నిలబడి తోటివాళ్ళతో పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతున్నాడు రెడీమేడు. అదీ సంగతి. ఇంత అనుకున్నాక ఊరుకుంటాడా? నోట్లో నువ్వుగింజ నానితేగా! ఎదురింటి ఇస్త్రీ అతనికి చెప్పాడు. ఇస్త్రీ అతనికి చెప్పడమంటే వీధి మొత్తానికి చెప్పడమే.

అప్పుడే బ్యాంకు మేనేజరు వచ్చాడు. రిటైరవుతున్నాడు, సభలో వేసుకోవడానికి కోటు కావాలి. గుడ్డ మాస్టారే చూడాలి. మాస్టారు ఒక్క క్షణం ఆగి, బీరువా తాళం తీశాడు. నీలం గుడ్డ బయటికొచ్చింది.

"అయ్యో, అది అల్లుడి గుడ్డండీ!" అంది భార్య.

"అల్లుడి కోసమే కొన్నాను. అల్లుడేడీ? ఉన్నది రెడీమేడు. వాడికి వాడి షాపు ఉంది."

"అమ్మాయి చూస్తే?"

"చూడనీ. మొగుడి చేత నా చెవిలో పువ్వు పెట్టించినప్పుడు అమ్మాయి ఆలోచించిందా?"

మర్నాడు పొద్దున్న గుడ్డని బల్ల మీద పరిచాడు. ఇన్నేళ్ళ మడతలు చేత్తో సాపు చేశాడు. మేనేజరు పొట్ట ఎక్కడ పడుతుందో చూసుకుని సుద్ద చేతిలోకి తీసుకున్నాడు. సరిగ్గా అప్పుడు ఇస్త్రీ అతను బట్టల మూట పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. తొట్టి చూసి పళ్ళికిలించాడు.

"మాస్టారూ, అల్లుడు జెల్లనిచ్చాడంటిరి. ఇచ్చాడా, కొట్టాడా?"

మాస్టారు ముఖం కందగడ్డయింది. ఊరందర్నీ వెక్కిరించే నోటికి, తనని వెక్కిరిస్తే ఏం చెయ్యాలో తెలియదు మరి. సుద్ద విసిరికొట్టాడు. "ఇప్పుడే తేల్చేస్తా! నువ్వక్కడే నిలబడు, సాక్షివి నువ్వే" అని చెంబుతో తొట్టిలో నీళ్ళు తోడడం మొదలుపెట్టాడు. భార్య పరుగున వచ్చి, "పాతనీళ్ళు పారబొయ్యకండి, అమ్మాయి మరీమరీ చెప్పింది" అని బకెట్లు అడ్డం పెట్టింది. నీళ్ళు జానెడు మిగిలేసరికి మాస్టారు కుండని పైకి లాగాడు. వంచాడు. నీళ్ళు కారాయి, ఇంకేమీ రాలేదు.

"చూశావా? ఏదీ చేప? ఏదీ?" అని ఇస్త్రీ అతని వైపు తిరిగి, కుండని కటింగు బల్ల మీదుగా ఎత్తి, గెలిచినవాడిలా ఆడించి, తనూ లోపలికి తొంగిచూశాడు.

లోపల్నుంచి "కిర్ర్ర్" అంది.

"వామ్మో!" అన్నాడు మాస్టారు. కుండ చేతిలోంచి ఎగిరి, నీలం గుడ్డ మీద పడి నాలుగు పెంకులైంది. ఆ పెంకుల మధ్య నల్లగా, జానెడు పొడుగున, పక్కన తెల్లటి గీతతో ముళ్ళజెల్ల. రెండు వైపులా ముళ్ళు బారజాపి బిగబెట్టింది. ఒక ముల్లు తిన్నగా ఉన్నిలోకి దిగబడింది. ఇస్త్రీ అతను మూట వదిలేసి, నోరు వెళ్ళబెట్టాడు.

ఈ పెద్దమనిషి నోటి వెంట వచ్చిన మొదటి మాట ఏమిటో తెలుసా? "గుడ్డ! నా గుడ్డ తడిసిపోయింది!"

చేపని ఒడిసిపట్టి లాగబోయాడు. రెండోవైపు ముల్లు బొటనవేల్లో కసుక్కున దిగింది. కెవ్వుమని చెయ్యి విదిలించుకున్నాడు. చేప మళ్ళీ కిర్రుమంది. గుడ్డ దానితోపాటే లేచింది, ముల్లు మాత్రం రాలేదు.

"లాగకండి! అల్లుడు చెప్పాడు కదండీ, చిక్కుకుంటే కత్తిరించమని!"

"దేన్నే కత్తిరించేది? ఈ గుడ్డనా? ఈ గుడ్డనా కత్తిరించేది!"

సూది తీసుకున్నాడు. తప్పు కుట్టు విప్పినట్టు ముల్లు చుట్టూ పోగు పోగు విడదియ్యబోయాడు. బొటనవేలు రక్తమోడుతోంది, సూది జారుతోంది. ఒక పోగు విడదీస్తే ముల్లు ఇంకో రెండు పోగుల్ని పట్టుకుంటోంది. చేప మొప్పలు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. కిర్రుమనడం సన్నబడింది. కాసేపటికి అదీ లేదు. ఆయన చెవుల్లో కూతురి మాటే గింగురుమంటోంది, ఇంక ఈ గుమ్మం తొక్కను అని. అయినా చేతులు సూదినే పట్టుకున్నాయి. కోసిన గుడ్డని అతకడం ఎవరివల్లా కాదని ఆ చేతులకి తెలుసు. పోయిన చేప కూడా అంతేనని ఎవరైనా ఆ చేతులకి చెప్పాలి.

భార్య అరవలేదు. గోడకి తగిలించిన పెద్ద కత్తెర తీసింది. పెళ్ళయ్యాక ఆవిడ దాన్ని ముట్టుకోవడం అదే మొదలు.

"తప్పుకోండి. మీరు కొయ్యకపోతే నేను కోస్తాను. నాకు కొలతలు రావు."

ఆ ఒక్కమాటకి మాస్టారు అదిరిపడ్డాడు. కత్తెర లాక్కున్నాడు. సుద్దగీత లేదు, టేపు లేదు, కళ్ళల్లో నీళ్ళు అడ్డుపడి గుడ్డే సరిగ్గా కనబడలేదు. ముల్లు చుట్టూ కరకరా కోసేశాడు. భార్య చేపని చేత్తో ముట్టకుండా పళ్ళెంలోకి జార్చి, పాతనీళ్ళ బకెట్లో వదిలింది. అది అడుక్కి దిగి, పక్కకి ఒరిగి పడుకుంది. ముల్లుకి నీలం పీలిక అలాగే ఉంది. ముగ్గురూ బకెట్టు చుట్టూ వంగి నిలబడ్డారు. చాలాసేపటికి మొప్ప కదిలింది. తరవాత తోక కదిలింది.

"బతికిందండీ," అని భార్య నేలమీద చతికిలబడి ఏడ్చేసింది. మాస్టారు బల్ల మీది గుడ్డకేసి చూశాడు. అరచేతిలో సగం కూడా లేని కన్నం, అంచులు వంకరటింకర. మిషను నేర్చుకునే పిల్లలు కూడా అలా కొయ్యరు.

మేనేజరుకి గుడ్డ లేదని కబురు పంపాడు. ఆయన సంతోషంగా అద్దాల షాపుకి వెళ్ళి, కొలవకుండానే పొట్టని గౌరవించే కోటొకటి కొనుక్కున్నాడని ఇస్త్రీ అతను వార్త మోసుకొచ్చాడు. దానితోపాటు వీధి కొత్తగా నేర్చుకున్న మాట కూడా మోసుకొచ్చాడు. "అల్లుడికి కుట్టని మాస్టారు అల్లుడి చేపకి కుట్టాడట!" మాస్టారికి తల తీసేసినట్టయింది. బొటనవేలి కట్టు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు.

ఆ రోజు నుంచీ పొద్దువాలగానే ముందుగదిలో ట్యూబులైటు ఆరిపోయేది. పని ఉన్నా సరే. మాస్టారు తొట్టి ముందు స్టూలు వేసుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చునేవాడు. కొత్త కుండలోంచి మొదట మీసాలు వచ్చేవి, తరవాత చేప వచ్చేది. నీలం పీలిక వేసుకుని, రాణీగారిలా తొట్టంతా ఒక చుట్టు చుట్టేది. "ఈ కుట్టు కూడా వదులే," అని మాస్టారు గొణిగేవాడు. ఎవరి మీదో ఒకరి మీద విసుక్కోకపోతే ఆయనకి తోచదు.

నేల పని అయ్యాక కూతురూ అల్లుడూ వచ్చారు. సాయంత్రం వేళ. వాళ్ళు అడక్కముందే మాస్టారు లైటు ఆర్పాడు. అది చూసి కూతురు తల్లి వైపు చూసింది, తల్లి ఏమీ తెలియనట్టు చీర కొంగు సర్దుకుంది. అల్లుడు తొట్టి ముందు గొంతుక్కూర్చున్నాడు. చేప వచ్చింది. అద్దం దగ్గరిదాకా వచ్చింది.

"ఒరేయ్, బాగున్నావురా!" అన్నాడు అల్లుడు. తరవాత అద్దానికి ముఖం ఆనించాడు. "ఇదేమిటి, ముల్లుకి ఏదో ఉందే?"

కూతురు వంగి చూసింది. ఆ నీలం ఆ పిల్లకి ఒకరు చెప్పనక్కర్లేదు. చిన్నప్పట్నుంచీ నిమిరిన నీలం. చటుక్కున లేచి లైటు వేసింది. బల్ల చివర మడతపెట్టిన గుడ్డని లాగి విప్పింది. నడిమధ్యన కన్నం.

"నాన్నా! అల్లుడి గుడ్డ! దీన్ని కోశావా? చేప కోసమా?"

"కోశారు," అంది తల్లి. జరిగిందంతా చెప్పేసింది. మేనేజరు సంగతి కూడా దాచలేదు. మాస్టారు తేలు కుట్టిన దొంగలా గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. తిడుతుందనుకున్నాడు. కూతురు తిట్టలేదు. గుడ్డని ఛాతీకి హత్తుకుని వెక్కివెక్కి ఏడ్చింది. పెళ్ళినాడు ఏడవని ఏడుపు అది.

అల్లుడు లేచి నిలబడ్డాడు. "మామయ్యగారూ, దీని గురించి తను చెబుతూ ఉండేదండి. ఇన్నేళ్ళు దాచింది... చేప కోసం ఎందుకు కోశారండీ?"

అలవాటు చొప్పున మాస్టారు కూతురి వైపు తిరిగాడు. "మీ ఆయనే కదమ్మా చెప్పింది, చిక్కుకుంటే..." అని ఆగిపోయాడు. మెడలోంచి టేపు తీశాడు. దులిపాడు. అల్లుడి ముందుకెళ్ళి నిలబడ్డాడు.

"ఏం చొక్కా ఇది? భుజం ఒకచోట, కుట్టు ఒకచోట! దీన్ని కుట్టినవాడి చేతులు విరగ్గొట్టాలి. చెయ్యెత్తు."

అల్లుడు బిత్తరపోయి చుట్టూ చూశాడు. తనతోనేనా అన్నట్టు.

"నిన్నే అల్లుడూ! చెయ్యెత్తవయ్యా. ఆ కన్నం సరిగ్గా జేబు దగ్గర పడాలి. జేబు మూతకింద పడిందంటే ఎవడికీ కనబడదు. నీ జేబు ఎక్కడికొస్తుందో తెలియాలంటే నిన్ను కొలవాలా వద్దా?"

అల్లుడు చేతులు రెండూ ఎత్తాడు. మాస్టారు టేపు ఛాతీ చుట్టూ తిప్పి, కొసలు కలపబోయాడు. కట్టుకట్టిన బొటనవేలు వంగలేదు. టేపు జారింది, మళ్ళీ పట్టుకున్నాడు, మళ్ళీ జారింది. కూతురు తండ్రి చేతులకేసి చూసింది. గుడ్డ బల్ల మీద పెట్టి, కళ్ళు తుడుచుకుని వచ్చి, టేపు రెండో కొస పట్టుకుంది.